ఈకోలో క్యాంపింగ్‌కి పవర్ స్టేషన్: ముందు నింపే దారి చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఉండేది బెంగళూరులో మారతహళ్లి. సెకండ్ హ్యాండ్ మారుతి ఈకో వ్యాన్ కొని వెనక ప్లైవుడ్ మంచం, దానిమీద పరుపు వేసుకున్నారు. మీరు, మీ శ్రీమతి, ఆరేళ్ల పాప. శని, ఆదివారాల్లో గండికోట, హార్స్లీ హిల్స్, సక్లేశ్‌పుర వైపు వెళ్తారు, ఏడాదికి ఒకటి రెండు సార్లు వారం రోజులు తిరుగుతారు. చిన్న ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, ల్యాప్‌టాప్ నడవాలి. వీలైతే ఇండక్షన్ స్టవ్, కెటిల్ కూడా. దీనికి పవర్ స్టేషన్, అంటే సాకెట్లున్న, మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె, 500, 1000, 2000 వాట్-అవర్లలో ఏది తీసుకోవాలి, సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చే బావమరిదితో తెప్పించుకుంటే కలిసొస్తుందా?

బావమరిది సంగతి ముందు తేల్చేద్దాం. ఆయన తేలేడు. విమానంలో ప్రయాణికుడు వెంట తీసుకెళ్లే లిథియం బ్యాటరీకి మామూలు పరిమితి 100 వాట్-అవర్లు. 100 నుంచి 160 దాకా అయితే ఎయిర్‌లైన్ ముందుగా ఒప్పుకోవాలి. అంతకు మించితే చేతి బ్యాగులోనూ కుదరదు, చెక్-ఇన్ సామానులోనూ కుదరదు. మీరు చూస్తున్న వాటిలో అన్నిటికన్నా చిన్నదే 500. ఏదోలా ఓడలో పార్సిల్‌గా వచ్చిందనుకున్నా, అమెరికా మోడల్ ఇచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన సామాన్లకు కావాల్సింది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పైగా వారంటీ అక్కడిది. ఆయన్ని ఎప్పటిలాగే బాదంపప్పు, చాక్లెట్లు తెమ్మనండి.

ఇక అసలు సంగతి. నేను సోలార్, బ్యాటరీల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, వ్యాన్‌లో తిరగడమూ అలవాటే. నన్ను అడిగేవాళ్లంతా మీలాగే 'ఎంత పెద్దది కొనాలి' అంటారు. వేసవిలో మన అపార్ట్‌మెంట్లలో సంపు ఎంత పెద్దదని ఎవరూ అడగరు, ట్యాంకర్ ఎప్పుడొస్తుందని అడుగుతారు. ఇక్కడా అంతే. పెట్టెలో ఎంత పడుతుందన్నది మొదటి రాత్రికే లెక్క. రెండో రాత్రి నుంచి మిమ్మల్ని నడిపేది పగలు మీరు దాన్ని ఎంత నింపారన్నదే. అందుకని ముందు ఖర్చు లెక్క వేద్దాం, తర్వాత నింపే దారులు చూద్దాం, పెట్టె సైజు దానంతట అదే తేలుతుంది.

వాట్-అవర్ మీకు తెలియనిదేం కాదు. 1000 వాట్-అవర్లు అంటే బెస్కామ్ కరెంటు బిల్లులో ఒక యూనిట్. ఒక యూనిట్‌తో ఇంట్లో ఏం నడుస్తుందో ఊహించుకుంటే ఈ పెట్టెల మీద భ్రమలు సగం పోతాయి.

మీ లిస్టులో పెద్ద ఖర్చు ఫ్రిజ్. 30-40 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు 45-50 వాట్లు తీసుకుంటుంది. అయితే రోజంతా తిరగదు. బెంగళూరు వాతావరణంలో మూడో వంతు సమయం తిరిగిందనుకుంటే రోజుకు 350 నుంచి 400 వాట్-అవర్లు. అదే ఫ్రిజ్‌ని ఏప్రిల్‌లో గండికోట తీసుకెళ్లి, ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో పెడితే సగానికి పైగా సమయం తిరుగుతుంది. అప్పుడు లెక్క 600 దాటుతుంది. హార్స్లీ హిల్స్ సుమారు 1,265 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడ రాత్రిళ్లు మళ్లీ తగ్గుతుంది. తక్కువ ధరకు దొరికే 'కార్ కూలర్' డబ్బాల జోలికి మాత్రం పోకండి. వాటిలో కంప్రెసర్ ఉండదు, పెల్టియర్ పలక (కరెంటు పెడితే ఒక పక్క చల్లబడి, ఇంకో పక్క వేడెక్కే పలక) ఉంటుంది. చాలావాటిలో అది ఆగకుండా 50 వాట్లు లాగుతూనే ఉంటుంది, అంటే రోజుకు 1200. అంత లాగినా బయటి వేడికన్నా ఓ 15-20 డిగ్రీలే తగ్గించగలదు. బయట 40 డిగ్రీలుంటే మీ పాలు 20 డిగ్రీల దగ్గర ఉంటాయి. పెరుగు తోడుకోవడానికి బాగుంటుందేమో.

ఫ్యాన్లు ఇంటినుంచి తేవద్దు. మామూలు టేబుల్ ఫ్యాన్ 50 వాట్లు, రాత్రంతా తిరిగితే 450. యూఎస్‌బీ లేదా 12 వోల్టుల చిన్న ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 10 వాట్లు, తొమ్మిది గంటలు నడిస్తే 180. ఈకో లాంటి చిన్న చోటికి అవి చాలు. ఎల్ఈడీ లైట్లు సాయంత్రం నుంచి పడుకునేదాకా 40. ఫోన్ ఒకసారి నిండడానికి 20, రెండు ఫోన్లకు నష్టంతో కలిపి 50. ల్యాప్‌టాప్ 50 వాట్ల చొప్పున నాలుగు గంటలు, 200. అంతా కలిపితే మామూలు రోజుకు 850, మండే ఎండల్లో 1050-1100.

ఇందులో ఇండక్షన్, కెటిల్ లేవు. కావాలనే వదిలేశాను. లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి మరిగించడానికి ఎంత మంచి కెటిల్ అయినా 87 వాట్-అవర్లకు తక్కువ కుదరదు, అది భౌతికశాస్త్రం. నష్టాలతో కలిపి 120 అనుకోండి. పొద్దున కాఫీకి, పాప స్నానానికి కాసిని వేడినీళ్లకు మూడు లీటర్లు కాస్తే 360, అంటే ఒక రోజంతా ఫ్రిజ్ నడిచేంత. ఇండక్షన్ మీద 1500 వాట్లతో అరగంట వంట చేస్తే 750. అన్నం, పప్పు, ఒక కూర చేసేసరికి పెట్టె ఖాళీ. కెటిల్ ఎప్పుడైనా ఒకసారి పెట్టుకోండి, తప్పు లేదు. ఇండక్షన్ కోసం పెట్టె సైజు పెంచడం మాత్రం శుద్ధ దండగ.

వంటకు గ్యాస్ పెట్టుకోండి. బ్యూటేన్ క్యాన్ పెట్టే చిన్న స్టవ్ గానీ, పెట్రోల్ బంకుల్లో దొరికే 5 కిలోల ఛోటూ సిలిండర్ గానీ సరిపోతుంది. ఊటీ లాంటి చోట తెల్లవారుజామున బ్యూటేన్ మంట నీరసంగా వస్తుంది, ఎందుకంటే సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడమే కష్టం. ఎక్కడైనా సరే వంట వ్యాన్ బయటే. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసుకుని పడుకోవడం కూడా ఎప్పటికీ వద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర ఆపి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటర్ నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడే కారణమని పరీక్షల్లో తేలింది. ఇంజిన్ పొగలోనూ ఉండే ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలో తెలియదు. పొగ, చప్పుడు లేని బ్యాటరీ పెట్టెకు నేను ఓటు వేయడానికి మొదటి కారణం ఇదే, డబ్బు లెక్కలు తర్వాత.

మరి రోజుకు 850 ఎలా నింపుతారు? మీకు మూడు దారులున్నాయి.

ఒకటి, ప్రయాణంలో. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి పెట్టెలోకి వెళ్లేది సుమారు 100 వాట్లు, అంతే. చాలా బండ్లలో ఆ సాకెట్ ఫ్యూజే 10 ఆంపియర్లు. గండికోట దాదాపు 280 కిలోమీటర్లు, టిఫిన్, టీలతో కలిపి ఆరు గంటల దారి అనుకుంటే 500 నుంచి 600 వస్తుంది. తీసిపారేయదగ్గది కాదు. కానీ అదే సమయంలో ఫ్రిజ్ కూడా తాగుతుంటుంది. ఇంతకన్నా వేగంగా కావాలంటే, ఇంజిన్‌తో తిరిగి బండికి కరెంటు చేసే ఆల్టర్నేటర్ నుంచి నింపే 'ఆల్టర్నేటర్ ఛార్జర్' అని వేరే పెట్టె ఉంటుంది. దాన్ని బండి బ్యాటరీ దగ్గర నుంచి మందమైన వైరుతో, ఫ్యూజు పెట్టి బిగించాలి. బ్లూటీ కంపెనీది 560 వాట్లు, ఎకోఫ్లో కంపెనీది 800 వాట్ల దాకా ఇస్తుంది. పెద్ద బండ్లకు బాగుంటుంది. ఈకో ఆల్టర్నేటర్ మీద అంత భారం వేయమని నేను చెప్పను. హెడ్‌లైట్లు, బ్లోయర్, ఏసీ అన్నీ దాన్నే నమ్ముకున్నాయి. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు అది ఇచ్చేదే తక్కువ, సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర నిలబడిన అరగంటలో బండి బ్యాటరీయే తరిగిపోతుంది. పెట్టించుకుంటే ఆ ఛార్జర్ యాప్‌లో 250-300 వాట్లకు కట్టడి చేసి వాడండి.

రెండు, ఎండ. 200 వాట్ల ప్యానెల్ అంటే 200 వాట్లు వస్తాయని కాదు. ఆ రేటింగ్ 25 డిగ్రీల ప్యానెల్ వేడి దగ్గర కొలిచింది. మన ఎండలో ప్యానెల్ 60-65 డిగ్రీలకు వెళ్తుంది, ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. దుమ్ము, వాలు, వైరు నష్టం కలుపుకుంటే మిట్టమధ్యాహ్నం 130 నుంచి 150 వస్తే సంతోషించాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజంతా ఎండలో పెడితే 650-700 వాట్-అవర్లు వస్తాయి. జులైలో సక్లేశ్‌పుర వానల్లో 150-200 వస్తే గొప్ప. అంటే సక్లేశ్‌పుర లాంటి మలెనాడు కొండలకు వానాకాలంలో వెళ్తున్నప్పుడు ప్యానెల్ ఇంట్లో వదిలేసి, ఆ చోటులో ఇంకో దుప్పటి పెట్టుకోవచ్చు.

ప్యానెల్ పైకప్పు మీద బిగించాలా, మడతపెట్టేది కొనాలా? మీకు మడతదే మేలు. పైకప్పు మీద ప్యానెల్ ఉంటే దానికోసం వ్యాన్‌ని ఎండలో నిలపాలి, ఎండలో నిలిపితే లోపల ఉడుకు, ఉడుకుతో ఫ్రిజ్ ఎక్కువ తాగుతుంది. సంపాదించింది దానికే పోతుంది. మడత ప్యానెల్‌కి 5 లేదా 10 మీటర్ల వైరు ఉంటే వ్యాన్ చింతచెట్టు కింద, ప్యానెల్ ఎండలో. ఒక్క కొబ్బరిమట్ట నీడ అడ్డంగా పడినా దిగుబడి సగానికి పడిపోవచ్చు, గంటకోసారి లేచి జరపండి.

చాలామంది చేసే పని ఒకటుంది. ప్యానెల్‌తో పాటు పెట్టెను కూడా ఎండలోనే దాని వెనకాల పెడతారు. లిథియం బ్యాటరీ లోపలి వేడి 45 డిగ్రీలు దాటితే చాలా పెట్టెలు ఛార్జింగ్ తీసుకోవడం మానేస్తాయి. అంటే ఎండ బాగా కాస్తున్న వేళే నింపడం ఆగిపోతుంది, మీరేమో ప్యానెల్ చెడిపోయిందని షాపువాణ్ణి తిడతారు. తలుపులు మూసిన వ్యాన్ లోపల కూడా మధ్యాహ్నం 50 దాటుతుంది. పెట్టె నీడలో, గాలి తగిలేచోట ఉండాలి.

ప్యానెల్ కొనేటప్పుడు వాట్లకన్నా వోల్టులు ముఖ్యం. పెట్టె వెనక సోలార్ ఇన్‌పుట్ దగ్గర '11-60 వోల్టులు' అనో, చిన్నవాటికి '12-28 వోల్టులు' అనో రాసి ఉంటుంది. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (దేనికీ కలపనప్పుడు అది చూపే వోల్టులు) దానికి లోపలే ఉండాలి. 100 వాట్ల మడత ప్యానెల్ ఒకటి 21-24 వోల్టులు ఇస్తుంది. రెండిటిని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే 42-48 అవుతుంది. 60 పరిమితి ఉన్న పెట్టెకు పర్వాలేదు, 28 పరిమితి ఉన్నదానికి కలిపారంటే ఛార్జింగ్ బోర్డు పోతుంది, వారంటీ ఇవ్వరు. ఇళ్ల మీద వేసే 540 వాట్ల ప్యానెల్ ఒక్కటే 50 వోల్టుల దగ్గర ఉంటుంది. చలి పొద్దుల్లో వోల్టేజీ ఇంకాస్త పెరుగుతుంది కూడా. ఆంపియర్లు కొంచెం ఎక్కువైతే పెట్టె తనకు కావలసినంతే తీసుకుంటుంది, వోల్టులు ఎక్కువైతే ఊరుకోదు.

మూడు, గోడ సాకెట్. దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు గానీ మన దేశంలో వ్యాన్ క్యాంపింగ్‌కి ఇదే రాజమార్గం. గండికోటలో ఏపీ టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, దారి పొడుగునా దాబాలు, హోమ్‌స్టేలు ఉన్నాయి. భోంచేస్తూ మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ, యూనిట్ ఖర్చు ఇస్తామనండి. ఇప్పటి పెట్టెలు గంటన్నరలో నిండుతాయి, కానీ అప్పుడు 1000 వాట్లకు పైగా లాగుతాయి. పల్లెటూరి హోమ్‌స్టేలో 6 ఆంపియర్ల పాత సాకెట్‌కి గంట పాటు అంత భారం పెడితే ప్లగ్ కరిగిన సందర్భాలున్నాయి. కొనేముందు గోడ సాకెట్ (ఏసీ) ఛార్జింగ్ వేగం తగ్గించే వీలు ఉందో లేదో చూడండి. 300-400 వాట్ల దగ్గర పెట్టుకుంటే ఎక్కడైనా గుచ్చొచ్చు.

ఈ లెక్కతో మీకు తగింది 1000-1200 వాట్-అవర్ల పెట్టె, 200 వాట్ల మడత ప్యానెల్. పెట్టెకున్న 230 వోల్టుల (ఏసీ) సాకెట్ ద్వారా వాడితే 1000లో చేతికొచ్చేది 850-880. శుక్రవారం రాత్రి ఇంట్లో నింపుకుని బయల్దేరితే, దారిలో 500, శనివారం ఎండలో 500-600 కలిసి ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇంకా మిగిలే ఉంటుంది. వారం రోజుల ట్రిప్‌లో మధ్యలో ఒకరోజు గదిలో దిగుతారు కదా, అక్కడ నిండుతుంది. 500ది మీకు ఫ్రిజ్ లేకపోతే చాలు. ఐస్‌బాక్స్‌తో సరిపెట్టుకునేవాళ్లు అనవసరంగా పెద్దది కొనొద్దు. 2000ది ఒకేచోట మూడు రోజులు ఎండ లేకుండా ఉండేవాళ్లకు. వాటి బరువు 17-18 నుంచి 28 కిలోల దాకా. మూడో అంతస్తు నుంచి లిఫ్ట్ లేనప్పుడు దింపాలంటే మీ ఇంట్లో ఎవరు దింపుతారో ముందే ఒప్పందం చేసుకోండి.

ఈ సైజులో పేరున్నవి ఎకోఫ్లో డెల్టా 2 (1024 వాట్-అవర్లు, 1800 వాట్లు, 12 కిలోలు), బ్లూటీ ఏసీ180 (1152, 1800 వాట్లు, 16 కిలోలు), జాకరీ ఎక్స్‌ప్లోరర్ 1000 వీ2 (1070, 1500 వాట్లు, సుమారు 11 కిలోలు). మూడూ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమే. ఈ రకం సెల్స్ 2000 నుంచి 4000 సార్లు నింపి ఖాళీ చేసినా ఎనభై శాతం దాకా మిగులుతాయి, వేడికి త్వరగా అదుపు తప్పవు. పాత రకం, అంటే ఎన్ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్), తేలిగ్గా ఉంటుంది గానీ 500 నుంచి 1000 సార్లకే నీరసిస్తుంది. జాకరీలోనే వీ2 కాని పాత ఎక్స్‌ప్లోరర్ 1000 ఎన్ఎంసీయే, డిస్కౌంట్‌లో కనిపిస్తే ఆశపడకండి. మన వేడికి ఐరన్ ఫాస్ఫేట్ తప్ప వేరేది నేను ఎవరికీ చెప్పను. ఈ పేర్లు కొలతకి చెప్పాను, ఇవే కొనమని కాదు. ఇక్కడి 230 వోల్టుల మోడల్, ఇక్కడి బిల్లు, బెంగళూరులో చూపించుకోవడానికి ఒక సర్వీసు సెంటర్ ఉన్న కంపెనీ ఏదైనా ఫర్వాలేదు. సర్వీసు సెంటర్ ఎందుకంటే చెడిపోయేది ఎక్కువగా సెల్స్ కాదు, లోపలి బోర్డు. బాగుచేయడానికి ఊరు దాటించాలంటే లిథియం పెట్టెను తీసుకోవడానికి కొరియర్ వాళ్లు వంద ప్రశ్నలు వేస్తారు.

ఇప్పుడు బ్రోచర్లో ఉండని రెండు మూడు సంగతులు. ఎక్కువమంది ట్రిప్ పాడయ్యేది వీటి దగ్గరే.

ఫ్రిజ్‌ని పెట్టెకున్న 12 వోల్టుల సాకెట్‌కే పెట్టండి, 230 వోల్టుల ప్లగ్‌కి కాదు. ఆ 230 వోల్టుల (ఏసీ) స్విచ్ ఆన్ చేసి ఉంచితే ఏమీ వాడకపోయినా లోపలి ఇన్వర్టర్ గంటకు 10 నుంచి 20 వాట్-అవర్లు మింగుతుంది. 15 అనుకున్నా రోజుకు 360, అంటే ఇంకో ఫ్రిజ్‌ని ఊరికే మేపినట్టు. ల్యాప్‌టాప్ కూడా యూఎస్‌బీ-సీ ద్వారా నేరుగా నింపుకుంటే ఆ స్విచ్ అవసరమే రాదు. అందుకే 100 వాట్ల యూఎస్‌బీ-సీ పోర్టు కనీసం ఒకటి ఉన్నది చూసుకోండి.

పెట్టెల్లో ఎకో మోడ్ అని ఉంటుంది. కాసేపు ఎవరూ కరెంటు తీసుకోకపోతే పోర్టును అదే ఆపేస్తుంది. చల్లబడ్డాక ఫ్రిజ్ కంప్రెసర్ ఆగుతుంది కదా, పెట్టె దాన్ని 'ఎవరూ లేరు' అనుకుని పోర్టు మూసేస్తుంది. పొద్దున లేచేసరికి పాలు విరిగిపోయి ఉంటాయి, బ్యాటరీ మాత్రం తొంభై శాతం చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో 12 వోల్టుల పోర్టుకు ఆటో-ఆఫ్ 'నెవర్' అని పెట్టండి. ఆ వీలు లేని మోడల్ అయితే అసలు కొనొద్దు. అలాగే ఫ్రిజ్‌లో బండి బ్యాటరీని కాపాడే లో-వోల్టేజ్ కట్-ఆఫ్ ఉంటుంది, దాన్ని 'లో'లో పెట్టాలి. 'హై'లో ఉంటే పెట్టె సగం ఉండగానే ఫ్రిజ్ ఆగిపోవచ్చు.

'600 వాట్ల పెట్టె మీద 1200 వాట్ల కెటిల్ నడుస్తుంది' అన్న వీడియోలు చూసే ఉంటారు. అబద్ధం కాదు గానీ అక్కడ జరిగేది వోల్టేజీ తగ్గించి ఇవ్వడం. కెటిల్ లాంటి వేడిచేసేవి నెమ్మదిగా పనిచేస్తాయి. మిక్సీ లాంటి మోటార్ సామాను అలా నడపకూడదు. 750 వాట్ల మిక్సీ మొదలయ్యే క్షణంలో దాని రేటింగ్‌కి చాలా ఎక్కువే లాగుతుంది. పచ్చడి ఇంట్లోనే చేసుకుని డబ్బాలో తెచ్చుకోవడం ఉత్తమం. పెట్టె మీద ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటు లాంటి నునుపైన అల) అని రాసి ఉండాలి, అది లేనివి ఇంకా అమ్ముతున్నారు.

ఎస్పీ రోడ్డులో తిరిగితే తక్కువ ధరకు రకరకాల పెట్టెలు చూపిస్తారు. అక్కడ 'రెండు లక్షల డెబ్బై వేల ఎంఏహెచ్' అని పెద్ద అంకె రాసి ఉంటుంది. దాన్ని సెల్ వోల్టేజీతో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 2,70,000ని 3.7తో గుణిస్తే 999. అదే ఐరన్ ఫాస్ఫేట్ అయితే 3.2తో గుణించాలి, 864. వాట్-అవర్లు ఎక్కడా రాయని పెట్టెను పక్కన పెట్టేయండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, పేరు కలుస్తోందో లేదో షాపులోనే చూసుకోండి. రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే ధరను వాట్-అవర్లతో భాగించి పోల్చండి.

కొన్న వారంలోపు, వాపసు గడువు ఉండగానే ఒక పరీక్ష చేయండి. పూర్తిగా నింపి, ప్లగ్‌లో పెట్టే చిన్న వాట్ మీటర్ ద్వారా 200 వాట్ల దాకా ఉండే స్థిరమైన లోడ్ ఏదైనా పెట్టి, దానంతట అది ఆగేదాకా నడపండి. 1000 పెట్టె మీటర్ మీద 850కి అటూ ఇటూ చూపాలి. 750 దగ్గరే ఆగితే మాట్లాడకుండా తిరిగి ఇచ్చేయండి.

చేతిపని ఇష్టమైతే 12.8 వోల్టుల 100 ఆంపియర్-అవర్ ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, సోలార్ కంట్రోలర్, చిన్న ఇన్వర్టర్ విడివిడిగా కొని కట్టుకోవచ్చు. 1280 వాట్-అవర్లు, చవక, ఏది పోతే అదే మార్చుకోవచ్చు. కానీ ఫ్యూజులు, వైరు మందం తెలియకుండా చేయకండి. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీ తీసుకొచ్చి వ్యాన్‌లో పెట్టే ఆలోచన అసలే వద్దు. 50 కిలోలకు పైగా బరువు, మూసిన చోట దాని ఆవిరి మంచిది కాదు. బండిలో శాశ్వతంగా ఏం బిగించాలన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదంటుంది అది, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు దాన్నే చూపిస్తారు. విడి పెట్టెకు ఆ తలనొప్పి లేదు, సామానులో సామాను. ఇక నెక్సాన్ ఈవీ కొత్త మోడల్ లాంటి, బయటికి కరెంటు ఇచ్చే ఎలక్ట్రిక్ కారు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, ఈ సరంజామా ఏదీ కొనకుండా ముందు ఆ కారు అడిగి తీసుకెళ్లండి.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది మీ ప్లైవుడ్ మంచం మీద ఆధారపడి ఉంది. మంచం కింద పెడితే రెండు పక్కలా జానెడు ఖాళీ వదిలి, గాలి రంధ్రాలకు దుప్పట్లు, బట్టల సంచులు ఆనకుండా చూడండి. రాచెట్ బెల్టుతో నేలకు కట్టాలి. ఘాట్ రోడ్డులో బ్రేక్ కొడితే 12 కిలోల డబ్బా ముందు సీటు మీదికి వస్తుంది. దాని కూలింగ్ ఫ్యాన్ చప్పుడు రాత్రి వినిపిస్తుంది కాబట్టి తలవైపు కాక కాళ్లవైపు పెట్టుకోండి. ట్రిప్ లేని నెలల్లో బండిలో వదిలేయొద్దు, ఇంట్లో 50-60 శాతం దగ్గర ఉంచి మూడు నెలలకోసారి చూసుకోండి. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో కరెంటు పోతే రౌటర్‌కి, ల్యాప్‌టాప్‌కి అదే ఇన్వర్టర్. మీ శ్రీమతికి ఖర్చు గురించి చెప్పడానికి ఈ మాట పనికొస్తుంది.

ఒక్కటి మీరు చూసి చెప్పండి. ఈకోలో తాళం తీసేశాక 12 వోల్టుల సాకెట్ పనిచేస్తోందా, ఆగిపోతోందా? ఫోన్ ఛార్జర్ పెట్టి చూస్తే తెలుస్తుంది. పనిచేస్తూ ఉంటే, బండి ఆపిన ప్రతిసారీ పెట్టె వైరు పీకేయాలి, లేదంటే పెట్టె నిండుతుంది, పొద్దున సెల్ఫ్ తిరగదు. ఆగిపోతుంటే అలాగే వదిలేయొచ్చు. అలాగే ఆ సాకెట్ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో కూడా చూసి రాయండి, ఫ్రిజ్, పెట్టె రెండూ ఒకేసారి పెట్టొచ్చో లేదో అప్పుడు చెబుతాను.